నల్లనీళ్లకు అవతల... ఎర్రచేవ!

విశాఖ రేవులో ఓడ ఎక్కితే రెండు రోజులు దాటాక కనిపించే నేల అండమాన్. అక్కడి అడవిలో పడౌక్ అనే మహావృక్షం ఉంది. దాని చేవ నెత్తురంత ఎరుపు. నూరేళ్లకు పైగా దాన్ని కొట్టుకుంటూ వచ్చాం. ఇప్పుడు మళ్లీ పెంచుదామంటే మొక్కలు నాటినంత మాత్రాన పని జరగడం లేదు. ఎందుకని?

విశాఖ రేవులో అండమాన్ ఓడ ఎక్కే జనాన్ని ఎప్పుడైనా చూశారా? ఓడ ఫలానా రోజున వస్తుందని చాలా ముందుగా గట్టిగా చెప్పడం కష్టం. నెలకోమాటు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా కబురు తెలుస్తుంది. అంతే... శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, సముద్రం ఒడ్డు మత్స్యకార పేటల నుంచి మూటాముల్లె సర్దుకుని బయల్దేరతారు. పచ్చడి డబ్బాలు, తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, చంకలో పిల్లలు. 1,200 కిలోమీటర్ల సముద్రం దాటబోతున్నామన్న హడావుడి ఎవరి మొహంలోనూ కనిపించదు. వాళ్లకది దూరదేశం కాదు మరి. ఒకరికి చెల్లెలి అత్తవారిల్లు, ఇంకొకరికి మేనమామ ఊరు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చారు. పాతవాళ్ల నోట మాత్రం అది ఎప్పుడూ ‘అండమానే’!

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైనే. బెంగాలీ, తమిళం తర్వాత మూడో స్థానం మనదే. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ లాంటి చోట చేపల బుట్టల మధ్య నడుస్తుంటే భీమిలి ఒడ్డున ఉన్నామా అనిపిస్తుంది.

మనుషుల చుట్టరికం ఇలా ఉంటే, ఆ దీవులతో మనకు చెట్ల చుట్టరికం కూడా ఒకటుంది. దాని సంగతి చాలామందికి తెలియదు.

ఎర్రచందనానికి దాయాది

శేషాచలం కొండల్లో ఎర్రచందనం ఉంది. తూర్పు కనుమల్లో, పాడేరు వైపు అడవుల్లో వేగిస ఉంది. అదే... చక్కెర జబ్బు ఉన్నవాళ్లు రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున్నే తాగుతారే, ఆ చెక్క గ్లాసు తయారయ్యేది ఈ వేగిసతోనే. నీళ్లు పోసిన కాసేపటికి గ్లాసులో నీలిఛాయ తిరుగుతుంది. ఈ రెండూ, అండమాన్ పడౌక్ ఒకే ప్రజాతి చెట్లు. శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని ‘టెరోకార్పస్’ అంటారు. గ్రీకు భాషలో రెక్కల కాయ అని అర్థం. కాయను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో ఇట్టే అర్థమవుతుంది. చిన్న అప్పడం మధ్యలో గింజ పెట్టి ఒత్తినట్టుంటుంది. చుట్టూ పల్చటి కాగితం లాంటి రెక్క. గాలి తోలితే తల్లిచెట్టుకు దూరంగా గింగిరాలు కొట్టుకుంటూ వెళ్లి పడుతుంది.

పడౌక్ పూర్తిపేరు టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్. డాల్బెర్జియాను పోలినది అని. ఈ డాల్బెర్జియా ఎవరో కాదు, మన జిట్రేగి తెగ! అన్నట్టు, ఈ పేరు వెనుక ఉన్న మనిషికీ మన జిల్లాలకూ సంబంధం ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780ల్లో సామర్లకోటలో ఉండి, అక్కడే తోట వేసి, కోస్తా మొక్కలను ఒక్కొక్కటిగా బొమ్మలు వేయించి రాసుకున్నాడు. వేగిసకు శాస్త్రీయ నామం ఇచ్చింది ఆయనే. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాక తూర్పు సముద్రం అవతలి మొక్కలపైనా పని చేశాడు. పడౌక్ పేరు పక్కన కూడా ఆయన పేరే కనిపిస్తుంది.

ఇంతకీ చెట్టు ఎలా ఉంటుంది? నిటారుగా పెరిగి 30 మీటర్లు దాటుతుంది. అంటే విశాఖలో పదంతస్తుల అపార్ట్‌మెంటు పక్కన నిలబెడితే మేడమీది ట్యాంకుతో సమానంగా ఉంటుందన్నమాట. కాండం మొదట్లో వేళ్లు పలకల్లా లేచి నాలుగువైపులా గోడలు కట్టినట్టుంటాయి. ఒక్కో పలక మనిషి ఎత్తు కూడా ఉండొచ్చు. అంత భారీ చెట్టు తుపాను గాలులకు నిలబడాలంటే ఆ మాత్రం ఊతం కావాలి మరి. ఎండలు ముదిరే రోజుల్లో ఆకు రాలుస్తుంది. పక్కన ఉండే గుర్జన్ లాంటి పచ్చని చెట్ల మధ్య అప్పుడు దీన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. వానలు మొదలయ్యాక బంగారు పసుపు రంగులో పూస్తుంది. చిక్కుడు కుటుంబపు చెట్టు కాబట్టి దీని వేళ్లకూ బుడిపెలుంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని ఎరువుగా మారుస్తాయి. తన తిండి తనే సంపాదించుకునే రకం.

అసలు సొగసంతా లోపలే. నరికిన దుంగను అడ్డంగా చూస్తే బయట బూడిదరంగు కలిసిన తెల్లచెక్క, లోపల ఎర్రటి చేవ. కొన్ని చెట్లలో నారింజ, కొన్నింటిలో రక్తవర్ణం, కొన్నింటిలో ఊదా చారలు. చెట్టు వయసు పెరిగేకొద్దీ కాండం మధ్యభాగంలోని కణాలు చచ్చిపోతూ, చచ్చేముందు రంగు పదార్థాలనూ చేదు రసాయనాలనూ అక్కడే నింపి పోతాయి. అదే చేవ. చెదపురుగు తెల్లచెక్కను తింటుంది గానీ ఈ ఎరుపు దగ్గరికొచ్చేసరికి వెనక్కి తిరుగుతుంది. అందుకే ఈ కలపతో చేసిన తలుపు తరాలు నిలుస్తుంది. అందుకే దీనికి అంత గిరాకీ. చెట్టును కాపాడిన గుణమే చెట్టు ప్రాణం మీదికి తెచ్చిందన్నమాట!

ఏనుగు దంతం... ఎర్ర చెక్క

విశాఖ వాళ్లకు పడౌక్ కొత్తది కాదంటే నమ్ముతారా? 18వ శతాబ్దంలో ‘వైజాగపటం’ పనితనం అంటే ఇంగ్లండు దొరల ఇళ్లలో పెద్ద పేరు. ఇక్కడి కంసాలులు నల్లచెక్క, జిట్రేగి, పడౌక్ కలపలతో మేజాలు, కుర్చీలు, రాతబల్లలు చేసి, వాటిలో ఏనుగు దంతపు పలుకులు పొదిగి, ఆ దంతం మీద సన్నని గీతలు చెక్కి లక్క నింపేవాళ్లు. తీగలూ పూలూ మేడలూ... ఆ నల్లని గీతల పని చూడాలంటే ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా వెళ్లాలి. విదేశాల్లో వేలం పాటల జాబితాల్లోనూ ‘వైజాగపటం’ అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. మనవాళ్లకేమో ఆ పనితనం మన ఊరిదని చెబితే గానీ తెలియదు.

అప్పటికి అండమాన్‌లో కలప కోత మొదలు కాలేదు. కాబట్టి ఆ సామానులో వాడిన పడౌక్ బర్మా వైపు పెరిగే దాయాది రకం అయి ఉండాలి. పెగూ రేవుల నుంచి టేకు దుంగలు కోరమండల్ తీరానికి వచ్చే రోజులవి. ఏదైతేనేం, ఆ ఎర్రచెక్క వాసన తెలిసిన ఊరు విశాఖ.

కొట్టినవాళ్లూ, కొట్టించినవాళ్లూ

1857 తిరుగుబాటు తర్వాతి ఏడాదే బ్రిటిష్ వాళ్లు అండమాన్‌లో ఖైదీల వలస పెట్టారు. అదే కాలాపానీ. నల్లనీళ్లు దాటించిన ఖైదీలకు అప్పజెప్పిన తొలి పని అడవి నరకడం. మలేరియా, జలగలు, కాళ్లకు సంకెళ్లు, చేతిలో గొడ్డలి. సెల్యులార్ జైలు కట్టింది చాలా తర్వాత, 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. ఆ జైలు చూసినవాళ్లు మనలోనూ ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. మన్యం అడవి కోసం పోరాడిన మనిషిని ఇంకో అడవిలోకి పంపించారు!

1883లో అక్కడ అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడాది పోర్ట్‌బ్లెయిర్ పక్కన చిన్న దీవి చాథమ్‌లో రంపపు కోత మిల్లు పెట్టారు. ఆసియాలో పాతవైన, పెద్దవైన సామిల్లుల్లో అదొకటి. దీవి మొత్తం మిల్లే. రోడ్డు వంతెన మీదుగా వెళ్లొచ్చు. చెట్టు కూల్చడానికి మనుషులు, దుంగ లాగడానికి ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన ఏనుగులు, మిల్లు దాకా తేలుస్తూ తెచ్చేందుకు సముద్రం. కోసిన పలకలు కలకత్తా, మద్రాసు రేవులకు, అక్కడి నుంచి యూరప్, అమెరికాలకు. అమెరికాలో పుల్‌మన్ కంపెనీ రైలుపెట్టెల లోపలి అలంకరణకు ఈ ఎర్రచెక్క వాడారు. 1942లో రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ విమానాలు మిల్లుపై బాంబు వేశాయి. ఆ గొయ్యిని ఇప్పటికీ పర్యాటకులకు చూపిస్తారు. మిల్లు మాత్రం మళ్లీ లేచింది.

స్వాతంత్ర్యం వచ్చాక కోత తగ్గలేదు సరికదా పెరిగింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు పొలాలు కావాలి. ప్లైవుడ్‌కూ అగ్గిపుల్లలకూ చెక్క కావాలి. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడికి ముందు కావాల్సింది నాగలి దిగే నేల. కొట్టిన చోట చాలా భాగం టేకు వేశారు. టేకు అండమాన్ చెట్టు కాదు, బయటి నుంచి తెచ్చింది. వరుసలు తీరి, లెక్కకు అందే చెట్టు కాబట్టి ఆఫీసర్లకు ముద్దు. పడౌక్ అలా కాదు. దానికి సొంత పట్టింపులున్నాయి.

చీకట్లో పెరగని పిల్ల

ఆ పట్టింపుల్లో మొదటిది వెలుతురు. తల్లిచెట్టు కింద వేలాది రెక్కకాయలు రాలతాయి. వానలకు తడిసి, పొట్టు మెత్తబడి మొలకెత్తుతాయి. రెండాకులు, నాలుగాకులు వేస్తాయి. తర్వాత? పైన పందిరి వేసినట్టు కొమ్మలు. దాని కింద తుప్పలు, తీగలు, వెదురు. నేల మీదికి దిగే వెలుతురు ఏ మూలకూ చాలదు. పడౌక్ పిల్ల నీడను ఓర్చుకోలేదు. కొంతకాలం బిక్కుబిక్కుమని ఉండి వాడిపోతుంది. మహావృక్షాల అడవిలో నడుస్తూ చుట్టూ చూస్తే ముసలి పడౌక్‌లు కనిపిస్తాయి గానీ బడికెళ్లే వయసు పడౌక్‌లు కనిపించవు. పెద్దవాళ్లే మిగిలి పిల్లలు లేని పల్లె లాంటి అడవి.

మరి ఇన్ని వేల ఏళ్లు ఈ చెట్టు ఎలా బతికింది? దానికి జవాబు తుపానులు చెబుతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మనకు గుర్తే. 12వ తేదీన ఇక్కడికి వచ్చిన ఆ తుపాను, 8వ తేదీనే అండమాన్‌లో లాంగ్ ఐలాండ్ దగ్గర తీరం దాటింది. మన రోడ్ల పక్కన తురాయిలు, కొండ మీద చెట్లు కూలితే గుండె చెరువైంది. అడవిలో మాత్రం ఒక మహావృక్షం కూలడమంటే పైకప్పుకు చిల్లు పడటం. ఆ చిల్లులోంచి ఎండ నేల మీదికి దూకుతుంది. ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న పడౌక్ పిల్లకు అదే అవకాశం. పక్కనున్న తీగలూ తుప్పలూ తనను కప్పేసేలోగా తలెత్తేసిందా, గెలిచింది. లేదా, మళ్లీ చీకటి.

ఈ రహస్యాన్ని పట్టుకున్నది బి.ఎస్.చెంగప్ప అనే అటవీ అధికారి. 1930ల్లో అండమాన్ అడవుల్లో పని చేస్తూ ఆయన గమనించింది ఇదే: చెట్లు తీసిన చోట మనం గింజ చల్లనక్కర్లేదు, వెలుతురు అందేలా చేసి కాపలా కాస్తే అడవి తన గింజలతో తనే పుడుతుంది. అలా రూపుదిద్దుకున్న పద్ధతికి అటవీ శాస్త్రంలో ‘కనోపీ లిఫ్టింగ్’ అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే పందిరిని కింది నుంచి పైకెత్తడం. ముందు నేల మీది తుప్పలు, తీగలు కోస్తారు. తర్వాత పొట్టిచెట్ల కొమ్మలు. పిల్లలు పుట్టి నిలదొక్కుకునేసరికి ఇంకాస్త పైనున్నవి. ఒక్కసారిగా కొట్టేస్తే ఎండ మరీ ఎక్కువై గడ్డి, తీగలు రాజ్యమేలతాయి. అసలు తీయకపోతే చీకటి. గుప్పెడు గుప్పెడుగా వెలుతురు ఇవ్వాలి. చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు.

వినడానికి సులువే. చేయడానికి మాత్రం ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ఏటా కలుపు తీయాలి, తీగలు తెంపాలి, పిల్లలు గుంపుగా ఉంటే పలచబరచాలి. దీనికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. పైగా ఈ పని ఫొటోకు పనికిరాదు. మొక్క నాటుతూ మంత్రిగారు నిలబడితే పేపర్లో పడుతుంది గానీ, తీగలు తెంపుతున్న కూలీ ఫొటో ఎవరు వేస్తారు!

నర్సరీలో పెంచలేమా అంటే, పెంచొచ్చు. రెక్కలు కత్తిరించి, నానబెట్టి, మళ్లలో వేస్తే మొలుస్తుంది. ఎర్రచందనం నర్సరీల్లో చేసే పనే. కాకపోతే సంచీలోంచి తీసి అడవిలో పెట్టిన మొక్కకూ పైన వెలుతురే కావాలి, చుట్టూ కలుపు తీయడమే కావాలి. ఒక్క మాటలో చెప్పాలంటే గింజ కొరత ఎప్పుడూ లేదు.

అందమైన శత్రువు

వెలుతురు ఇచ్చారు. కలుపు తీశారు. పిల్ల మోకాలెత్తు లేచింది. ఇక ఫర్వాలేదనుకునే సమయానికి వస్తుంది... చుక్కల జింక!

పర్యాటకులుగా వెళ్లినవాళ్లకు ఈ జింకలు బాగా గుర్తుంటాయి. పాత రాస్ ఐలాండ్‌లో (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి) శిథిలాల మధ్య మనుషుల చేతుల్లోంచి తినేంత మచ్చికైన జింకలు. పిల్లలు బిస్కెట్లు పెడతారు, పెద్దలు ఫొటోలు తీస్తారు. ఎంత ముద్దుగా ఉంటాయో! అయితే అవి అక్కడివి కావు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బ్రిటిష్ వాళ్లు వేటకూ అందానికీ తెచ్చి వదిలారు. మన అడవుల్లో దుప్పి ఉంటే దాని వెనుక చిరుతో పులో రేచుకుక్కో ఉంటుంది. అండమాన్‌లో దాన్ని వేటాడే జంతువే లేదు. ఈత కూడా వచ్చు. దీవి నుంచి దీవికి ఈదుకుంటూ వెళ్లి కాపురం పెట్టేసింది.

ఆ దీవుల మొక్కలు వేల ఏళ్లుగా ఇలాంటి మేతజంతువు లేకుండా పెరిగాయి. ముల్లు లేదు, ఇతర రక్షణలూ అంతంతమాత్రమే. లేత పడౌక్ ఆకులు దుప్పికి గోంగూర కట్టల్లాంటివి. రౌఫ్ అలీ అనే పర్యావరణ శాస్త్రవేత్త 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఈ విషయం మీదే రాశారు. బయటి నుంచి తెచ్చిన జింకలు, ఏనుగులు అండమాన్ అడవిలో ఏ చెట్టు ఉండాలో ఏది పోవాలో నిర్ణయిస్తున్నాయన్నది దాని సారాంశం.

ఏనుగుల కథ ఇంకా విచిత్రం. ఇంటర్‌వ్యూ ఐలాండ్ అని ఉత్తర అండమాన్ వైపు ఒక దీవి. కలప కాంట్రాక్టు తీసుకున్న ఒక ప్రైవేటు సంస్థ దివాలా తీసి, 1962లో దాదాపు 40 ఏనుగులను అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. జీతం బాకీ పడిన కూలీలు ఏ ఓడో పట్టుకుని ఊరెళ్లొచ్చు. ఏనుగులు ఎక్కడికెళ్తాయి? అడవి పట్టాయి. చెట్ల బెరడు ఒలిచి, వెదురు విరిచి, తాటి జాతి చెట్లు కూల్చి బతికాయి. ఏనుగు పెద్దచెట్టును పాడు చేస్తుంది, దుప్పి పిల్లచెట్టును మేస్తుంది. ముందు తాత పోయాడు, వెనుక మనవడు పోయాడు. ఒక జంతువు పైన చిల్లు పెట్టింది, రెండోది ఆ చిల్లు కిందికి వచ్చిన పిల్లను తినేసింది. ఇక చెంగప్పగారి సూత్రం ఎక్కడ పని చేస్తుంది?

ఇక్కడో చిక్కుముడి ఉంది. చుక్కల జింకకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష. ప్రధాన భూభాగంలో అది న్యాయమే. దీవిలో మాత్రం పరాయి జంతువుకు ఉన్న కాపలా సొంత చెట్టుకు లేకుండా పోయింది. కాల్చేయమంటే మనసొప్పదు, తరలించాలంటే తేలిక కాదు, కంచె వేయాలంటే ఎంత అడవికి వేస్తారు? మరైతే ఏం చేయాలన్న దాని మీద పర్యావరణవేత్తల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. నాకైతే, పిల్లచెట్లు పుట్టే చోటల్లా చిన్న చిన్న కంచెలు వేసి, జింక నోరు అందని ఎత్తుకు ఎదిగేదాకా కాపాడటం తక్షణం అయ్యే పని అనిపిస్తుంది. గుమ్మం ముందు జామమొక్క నాటి మేకలు తినకుండా ముళ్లకంప కట్టడం మన ఇళ్లలో ఎవరికి తెలియదు?

గొడ్డలి ఆగింది... తర్వాత?

2001లో సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ అధ్యక్షతన కమిషన్ వేసింది. ఆయన దీవులు తిరిగి 2002 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. ఆ ఏడాది మే 7న కోర్టు ఇచ్చిన ఆదేశాలతో అండమాన్ కలప చరిత్ర మలుపు తిరిగింది. దీవుల నుంచి కలప బయటకు పంపడానికి అడ్డుకట్ట పడింది. గిరిజన రిజర్వుల్లో, జాతీయ పార్కుల్లో సహజంగా పెరిగిన చెట్టు మీద గొడ్డలి పడకూడదన్నారు. కోత చాలావరకు దీవుల సొంత అవసరాలకే పరిమితమైంది. ఆ తీర్పు కలప మీద బతికే కుటుంబాలను దెబ్బతీసింది. ఆ మాట దాచాల్సిన పని లేదు. చాథమ్ మిల్లు ఆగలేదు గానీ ఆ పాత హడావుడి లేదు. మ్యూజియం చూడటానికి వచ్చే జనమే ఎక్కువ కనిపిస్తారు.

అసలైన పడౌక్ అడవి ఏదైనా మిగిలిందంటే అది గొడ్డలి వెళ్లని చోటే. దక్షిణ, మధ్య అండమాన్ల పడమటి ఒడ్డున జారవాల రిజర్వు ఉంది. బాణాలతో ఎవరినీ లోపలికి రానివ్వని జారవాలను ఒకప్పుడు అందరూ తిట్టుకున్నారు. ఇవాళ అడవి అధికారులు చెట్ల వయసుల గురించి మాట్లాడాలంటే చూపించేది ఆ అడవినే. వాళ్లు చెట్టు గురించి ఏ సెమినారులోనూ మాట్లాడలేదు.

ఇంకోవైపు దక్షిణాన గ్రేట్ నికోబార్ దీవిలో రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. సుమారు 9.64 లక్షల చెట్లు కొట్టాల్సి రావచ్చని 2024లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అక్కడి అడవి వేరు, పడౌక్ ఊరు అండమానే. ఆ సంగతి ఇక్కడ ఎందుకంటే, కొట్టిన వాటికి బదులుగా అడవి పెంచేందుకు చూసిన చోటు హర్యానా! వానలో తడిసే దీవి అడవికి బదులు ఎండకు మాడే హర్యానాలో మొక్కలు. లెక్కల పుస్తకంలో చెట్టుకు చెట్టు సరిపోతుంది. పడౌక్‌నే తీసుకోండి. తల్లి రాల్చిన గింజ, తల్లి కూలిన చిల్లు, ఆ చిల్లులో పడిన ఎండ, ఆ నేలలోని సూక్ష్మజీవి... ఇవన్నీ ఒకే చోట కలిస్తే పుట్టే చెట్టది. దీన్ని లారీలో ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్తారు?

మన కొండమీది వేగిస

దీవి గోల మనకెందుకు అనుకోకండి. వేగిసదీ దాదాపు ఇదే కథ. మన తూర్పు కనుమల్లో వేగిస గింజకూ రెక్క ఉంది, పిల్లకూ ఎండ కావాలి. దుప్పి స్థానంలో ఇక్కడ మేకలున్నాయి, వేసవి మంటలున్నాయి. బంక కోసం కాండానికి గాట్లు పెడతారు, ఔషధం పేరిట బెరడు ఒలుస్తారు, గ్లాసుల కోసం చేవ కోస్తారు. ముసలి వేగిస కనిపించే కొండ మీద పిల్ల వేగిసను వెతికి చూడండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో మొక్కలు నాటని సంఘం లేదు, బడి లేదు. త్వరగా పెరిగేవి, త్వరగా పూసేవి ఎక్కువ నాటారు. వేగిసను నాటిన వీధి ఏదైనా ఉందేమో, పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే సంతోషం.

అండమాన్ వెళ్లే వాళ్లకు ఒక మాట. సాగరిక అని అక్కడి ప్రభుత్వ ఎంపోరియంలో పడౌక్ బొమ్మలు, పళ్లాలు, చిన్న పెట్టెలు దొరుకుతాయి. కొంటే రసీదు తీసుకుని జాగ్రత్తగా ఉంచుకోండి. పెద్ద సామాను తేవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. పూర్వం ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్లొచ్చిన వాళ్ల ఇళ్లలో, విశాఖలోనూ, పడౌక్ మంచాలూ కుర్చీలూ ఉండొచ్చు. మీ ఇంట్లో ఉంటే ఒకసారి పరీక్షగా చూడండి. కిటికీ వైపు ఎండ తగిలిన భాగం ఏళ్లకు ఏళ్లు గడిచి ముదురు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. దాని మీద ఎప్పటి నుంచో కదపని పూలకుండీనో ఫొటో ఫ్రేమునో పక్కకు జరపండి. కింద గుండ్రంగానో నలుచదరంగానో, చెట్టును కొట్టిన నాటి ఎరుపు ఇంకా అలాగే కనిపిస్తుంది.